ఆటల కంప్యూటరు – అరవై వేల లెక్క

పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడే రోజులలో మన టౌన్‌షిప్‌లోని ప్రతి ఇంటికీ ఒక కోరిక వచ్చి కూర్చుంటుంది. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన నాటి రోజులలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని భిలాయి చేరిన మన పెద్దల పిల్లలకు ఆ కోరిక సైకిలు. వారి పిల్లలకు మోపెడ్. ఇప్పటి పిల్లలు అడుగుతున్నది 'గేమింగ్ పీసీ'. ఆటలాడుకొనే కంప్యూటరు.

"ఆటకు అరవై వేలా?" అన్నది ఏ తండ్రి నోటనైనా మొదట వెలువడే మాట. మా నోటనూ అదే వెలువడింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వ్రాస్తున్నది కాదు. కొనాలా వద్దా అన్నది ఎవరి ఇంటి విషయం వారిది. కొనాలని నిశ్చయించుకొన్న తరువాత డబ్బు వృథా కాకుండా ఎలా కొనాలన్నదే మేము చెప్పదలచినది. ఈ విషయంలో మాకు గల అర్హత ఒక్కటే: ఒకసారి బాగా మోసపోయాము.

నలభై అయిదు వేల పాఠం

2019 సంవత్సరంలో మా పెద్దబ్బాయి కళాశాలలో చేరిన సందర్భంగా వానికొక కంప్యూటరు కొన్నాము. అందులో వాని నాయనమ్మ ఇచ్చిన పదివేలు, వాడు స్వయంగా కూడబెట్టుకొన్న స్కాలర్‌షిప్పు సొమ్ము పధ్నాలుగు వేలు ఉన్నాయి. మిగిలినది మేము వేసి నలభై అయిదు వేలు చేశాము. దగ్గరలోని ఒక నగరంలో ఒక దుకాణం. అద్దాల క్యాబినెట్, దాని లోపల రంగురంగుల దీపాలు. మా దృష్టి ఆ దీపాలను దాటి పోలేదు. మేము ఏది అడిగినా దుకాణదారు "సబ్ చలేగా సర్" అన్నాడు. అన్నీ నడుస్తాయని దాని అర్థం. ఏది, ఎంతకాలం అని మేము అడగలేదు. బిల్లు మీద ఒకే ఒక పంక్తి: 'కంప్యూటర్ ఒక సెట్టు'.

అందులో ఉన్నది ఎన్విడియా వారి జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు అని చెప్పి ఇచ్చారు. ఆటలు తడబడేవి. బొమ్మ ఆగి ఆగి కదిలేది. కొత్త డ్రైవరు సాఫ్ట్‌వేరు వేయగానే తెర నల్లబడేది. తానే ఏదో చెడగొట్టానని అబ్బాయి నెల రోజులు కుమిలిపోయాడు. చివరకు వాని సీనియర్ ఒకడు ఇంటికి వచ్చి, క్యాబినెట్ వెనుక ఒక్కసారి తొంగిచూసి, "అంకుల్, ఇది అసలుది కాదు" అన్నాడు. కార్డుకు నీలిరంగు వీజీఏ సాకెట్ ఉంది. 2016లో వచ్చిన 1050 టీఐ తరం చిప్పులలో ఆ పాతకాలపు అనలాగ్ సంకేతం ఇచ్చే ఏర్పాటే లేదు. జీపీయూ-జడ్ అనే ఉచిత సాధనంతో పరీక్షిస్తే అది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ చిప్పు అని తేలింది. లోపలి సమాచారాన్ని మార్చి, కొత్త పేరు చెప్పుకొనేటట్లు చేశారు. అసలు దానిలో 768 గణన కేంద్రాలు ఉండాలి; దీనిలో ఉన్నవి 192. మన పరిభాషలో చెప్పాలంటే, చార్జిలో వేసిన ఖనిజం ఒకటి, టెస్టు సర్టిఫికెట్టు మరొక దానిది.

దుకాణానికి వెళ్ళాము. సీలు తీశారు కనుక వారంటీ వర్తించదన్నారు. బిల్లు మీద కార్డు పేరు లేదు, క్రమసంఖ్య లేదు. మేము వాదించడానికి చేతిలో ఆధారం లేదు. మరుసటి మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణాన క్యాబినెట్‌లో టపాకాయ పేలినట్లు శబ్దం వచ్చింది. ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకొని పోయింది. అబ్బాయి ఆ యంత్రాన్ని బీరువా మీదకు ఎక్కించి, పాత దుప్పటి కప్పాడు. చదువు పూర్తయ్యేవరకు మరొక కంప్యూటరు అడగలేదు. ల్యాబులోనే పని చేసుకొన్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని మాకు చాలాసార్లు అనిపించింది.

2023లో మా అమ్మాయి అదే కోరిక కోరింది. అప్పటికి అబ్బాయికి విశాఖపట్నంలో ఉద్యోగం. ఫోనులో విషయం విని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "కొందాం నాన్నా. కాని ఈసారి బిల్లు నేను చదువుతాను" అన్నాడు. దసరా సెలవులకు సమతా ఎక్స్‌ప్రెస్‌లో దుర్గ్‌లో దిగాడు. చేతి సంచిలో స్క్రూడ్రైవరు ఉంది.

ముందు తెర, తరువాత యంత్రం

వాడు మొదట ప్రాసెసరు గురించి అడగలేదు. "చెల్లాయ్, నువ్వు ఏ ఆటలాడతావు? ఏ తెర మీద?" అని అడిగాడు. విచిత్రంగా తోచినా ఈ వరుసే సరైనది.

తెర మీద బొమ్మ చుక్కలతో ఏర్పడుతుంది. పాత చిన్న తెరలలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అంటే పది లక్షలకు కొంచెం పైన. ఇప్పుడు సామాన్యంగా ఉండే 1920, 1080 తెరలో ఇరవై లక్షల డెబ్బై వేలు. దానిపై శ్రేణి 1440 తెరలో ముప్పై ఆరు లక్షల పైచిలుకు. '4కె' అనే తెరలో ఎనభై రెండు లక్షల పైచిలుకు. ఈ చుక్కలన్నిటికీ రంగు నిర్ణయించి సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ వేయాలంటే, ఒక్కొక్క బొమ్మకు గ్రాఫిక్స్ కార్డుకు దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. కనుక తెర పెద్దదైన కొద్దీ కార్డు ఖరీదు పెరుగుతుంది. పరిమితమైన డబ్బు గలవారు 1080 తెర దగ్గర ఆగడమే వివేకం. 24 అంగుళాల తెర మీద అది కంటికి ఎంతమాత్రం లోటుగా కనిపించదు.

ఇక ఆటలు. 2020లో వచ్చిన వేలొరెంట్ వంటి పోటీ ఆటలకు బలమైన కార్డు అక్కరలేదు. ప్రాసెసరులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌తో కూడా నడుస్తాయి. కథా ప్రధానమైన ఆటలు, నగరాలూ అడవులూ కళ్ళకు కట్టించేవి, కార్డును పిండుతాయి. మా అమ్మాయి జాబితాలో రెండు రకాలూ ఉన్నాయి.

తొంభైలలో ఒక్క కంప్యూటరు చుట్టూ పది మంది పిల్లలు మూగి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడిన రోజులు మా వయసు వారికి గుర్తుండే ఉంటాయి. ఆనాడు గ్రాఫిక్స్ కార్డు అన్న మాటే ఇంటివారికి తెలియదు. 1996లో 3డీఎఫ్‌ఎక్స్ వారి వూడూ, 1999లో ఎన్విడియా వారి జీఫోర్స్ 256 వచ్చాక బొమ్మ వేసే పనిని ప్రాసెసరు నుండి తప్పించి ప్రత్యేకమైన చిప్పుకు అప్పగించడం బలపడింది. నేటి ఆటల యంత్రంలో అన్నిటికంటె ఖరీదైన భాగం అదే కావడానికి మూలం అక్కడ ఉంది.

ఏది దేనికి అడ్డు

మన కర్మాగారంలో పనిచేసేవారికి ఈ విషయం వివరించడం సులభం. బ్లాస్ట్ ఫర్నేసు ఎంత హాట్ మెటల్ ఇచ్చినా స్టీల్ మెల్టింగ్ షాపు అందుకోలేకపోతే మిగిలినది పిగ్ కాస్టింగ్ మెషీనుకు పోవలసిందే. అటు ఉక్కు విభాగం సిద్ధంగా ఉండి ఇటు లోహం రాకపోయినా నష్టమే. కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ఇటువంటి జంట. ఆటలోని మనుషులు ఎక్కడ ఉన్నారు, తూటా ఎవరికి తగిలింది అన్న లెక్క ప్రాసెసరుది. దానిని బొమ్మగా మార్చడం కార్డుది. ఒకటి పరుగెత్తి మరొకటి నడిస్తే, పరుగెత్తే దానికి పెట్టిన డబ్బు నిరీక్షణలో కరిగిపోతుంది.

అబ్బాయి మా ముందు మూడు మార్గాలు ఉంచాడు. మొదటిది, ఏఎండీ వారి రైజెన్ 5 5600జి. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే గ్రాఫిక్స్. విడిగా కార్డు అక్కరలేదు. అరవై వేలలో చాలా మిగిలిపోతుంది. పోటీ ఆటలు మాత్రమే ఆడేవారికి ఇది ఉత్తమమైన మార్గమని మా అభిప్రాయం. 'కార్డు తరువాత కొందాము' అనుకొనేవారు మాత్రం ఒక చిన్న మెలిక గమనించాలి. ఆ ప్రాసెసరు కార్డుతో మాట్లాడే దారి పీసీఐఈ మూడవ తరానిది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కొన్ని చవక కార్డులు నాలుగే వరుసల దారి వాడుకొంటాయి. నాలుగవ తరం బోర్డు మీద సరిపోయే ఆ ఇరుకు దారి మూడవ తరానికి వచ్చేసరికి సగమవుతుంది. కార్డు మంచిదే, బోర్డు మంచిదే, జంట కుదరదు.

రెండవది, కార్యాలయాలు వదిలించుకొన్న పాత యంత్రాన్ని కొని అందులో కార్డు బిగించడం. చవకగా కనిపిస్తుంది. కాని వాటి క్యాబినెట్లు చాలావరకు సన్ననివి. పూర్తి ఎత్తు కార్డు పట్టదు. ఎస్.ఎం.పి.ఎస్. చిన్నది, దాని కనెక్టర్లు కంపెనీకొక తీరు. పైగా ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లను విండోస్ 11 అంగీకరించదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ గడువు రానున్నదని అప్పటికే ప్రకటించి ఉన్నందున ఈ మార్గాన్ని మేము వదిలివేశాము.

మూడవది మేము ఎంచుకొన్నది. ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్ ప్రాసెసరు, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 కార్డు. 'ఐ3' అన్న మాట వినగానే మా స్నేహితులు పెదవి విరిచారు. పేరులోని అంకెకు మోసపోరాదు. 2022 ఆరంభంలో వచ్చిన ఈ చిన్న ప్రాసెసరులో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి. ఆటలలో అది కొన్నేళ్ళ క్రితపు ఐ7లతో దీటుగా నిలుస్తుంది. చివరి 'ఎఫ్' అక్షరం దానిలో గ్రాఫిక్స్ లేదన్న సూచన. ఆ అక్షరం వల్ల కొంత డబ్బు తగ్గుతుంది. కార్డు చెడిపోతే తెర మీద ఏమీ కనిపించదన్న ప్రమాదమూ ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 2021 అక్టోబరులో 1080 తెరను ఉద్దేశించి విడుదలైనది. 8 గిగాబైట్ల సొంత మెమొరీ, 132 వాట్ల వినియోగం. ఆనాడు ఇంచుమించు అదే ధరలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 దొరికేది. ఆటలలో ఇది దానికంటె ముందుంటుంది. అయితే పిల్లలు ఆటలతో పాటు కృత్రిమ మేధ ప్రయోగాలు, బ్లెండర్ వంటి త్రీడీ చిత్రరచన చేస్తారనుకొంటే ఎన్విడియా వైపు మొగ్గడం మేలు. ఆ రంగపు సాఫ్ట్‌వేరులో చాలా భాగం దాని 'కూడా' పద్ధతికి అలవాటు పడి ఉంది.

పాత కార్డులు కొనవచ్చునా అని అడిగేవారున్నారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం నాణేల తవ్వకానికి కార్డుల అవసరం లేకుండా పోవడంతో, రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు కుప్పలుగా సంతకు వచ్చాయి. అన్నీ చెడ్డవి కావు. నడిపి చూపితే, మీ ఎదుట అరగంట సేపు బరువైన ఆట ఆడించి వేడి ఎంత ఎక్కిందో చూపితే కొనవచ్చును. ఫోటో చూసి కొనరాదు.

కనిపించని భాగం

ఇక ఈ వ్యాసంలో మాకు అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఎస్.ఎం.పి.ఎస్. ఫర్నేసు లోపలి రిఫ్రాక్టరీ ఇటుకను ఎవరూ పొగడరు. అది తప్పిన రోజున మాత్రం అందరికీ తెలుస్తుంది. ఎస్.ఎం.పి.ఎస్. పని గోడలోని 230 వోల్టుల కరెంటును యంత్రానికి కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చి స్థిరంగా అందించడం. ప్రాసెసరు, కార్డు రెండూ 12 వోల్టుల తీగ మీదనే బ్రతుకుతాయి. కనుక పెట్టె మీద పెద్ద అక్షరాలతో వ్రాసిన వాట్లు కాక, పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు అన్నది చదవాలి. మా పాత యంత్రంలో కాలిపోయిన దానిమీద '500 వాట్లు' అని ఉంది. అబ్బాయి దానిని బీరువా మీద నుండి దింపి పట్టిక చూపించాడు: 12 వోల్టుల వద్ద 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిములు 216. నాలుగేళ్ళపాటు ఆ లెక్క మా నెత్తి మీదనే ఉంది, ఎవరమూ కట్టలేదు.

కొత్త యంత్రానికి లెక్క ఇలా కట్టాము. ప్రాసెసరు గరిష్ఠంగా 89 వాట్లు, కార్డు 132, మిగిలిన వాటికి ఒక 30. మొత్తం 251. కొలిమి సామర్థ్యం అంచు దాకా ఎవరూ నడపరు కనుక 550 వాట్ల మంచి కంపెనీ పెట్టె, '80 ప్లస్ బ్రాంజ్' గుర్తు గలది తీసుకొన్నాము. ఆ గుర్తు అర్థం, సగం భారం మీద లాగిన కరెంటులో సుమారు 85 శాతం పనికి అందుతుందని, మిగిలినదే వేడిగా పోతుందని. అధిక వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు తనను తాను ఆపుకొనే రక్షణ ఉన్నదా అన్నది కూడా చూడాలి. మా పాత దానిలో ఆ రక్షణ లేకపోబట్టే మదర్‌బోర్డు కూడా బలి అయింది.

పూర్తి భారం మీద గోడ నుండి లాగేది 300 వాట్లకు కొంచెం తక్కువ. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 27 యూనిట్ల లోపు. ఇందులో తెర కలపలేదు. దానికి మరో పాతిక వాట్లు. యూపీఎస్ కొనేటప్పుడు ఈ మొత్తం గుర్తుంచుకోవాలి. అంగడిలో సామాన్యంగా దొరికే 600 వీఏ యూపీఎస్ భరించేది 360 వాట్లు మాత్రమే. 320 వాట్ల భారాన్ని దానిమీద పెడితే కరెంటు పోయిన క్షణాన అది కూడా పోయే ప్రమాదముంది. మేము 1000 వీఏ తీసుకొన్నాము. ఆ ఖర్చు అరవై వేల లెక్కలో మేము వేసుకోలేదన్న సంగతి మా శ్రీమతి ఇప్పటికీ గుర్తు చేస్తూ ఉంటుంది. ఇంకొక మాట: పాత క్వార్టర్లలో ఉండేవారు కంప్యూటరు పెట్టబోయే ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉన్నదీ లేనిదీ ముందుగా ఎలక్ట్రీషియను చేత చూపించుకోవాలి. క్యాబినెట్ తాకితే సన్నగా చురుక్కుమంటే అది ఎర్తింగ్ లోపమే.

మెమొరీ విషయంలో ఒక్క సూచన చాలు. 16 గిగాబైట్లు కావాలంటే పదహారుది ఒకటి కాక ఎనిమిదివి రెండు వేయాలి. డీడీఆర్4 3200 రకం ఒక్కటి సెకనుకు 25.6 గిగాబైట్లు అందిస్తే, రెండు కలిసి 51.2 అందిస్తాయి. రెండు పట్టాల మీద రెండు బండ్లు. డీడీఆర్4, డీడీఆర్5 గాట్లు వేరువేరు చోట్ల ఉంటాయి. ఒకదాని బోర్డులో మరొకటి దూరదు. డిస్కు ఎస్.ఎస్.డి. కావాలి. పాత తిరిగే డిస్కు మీద పెద్ద ఆట తెరుచుకొనేలోపు టీ కాచుకొని త్రాగవచ్చును.

భిలాయి ఎండ, భిలాయి ధూళి

క్యాబినెట్ ఎంపికలో ఊరిని బట్టి నిర్ణయం మారుతుంది. మే నెలలో మన ఊరి ఎండ 45 డిగ్రీల దరిదాపులకు పోతుంది. గదిలోని గాలే వేడిగా ఉంటే యంత్రం దానికంటె చల్లబడే మార్గం లేదు. ముందు భాగం అద్దంతో మూసిన క్యాబినెట్ అందంగా ఉంటుంది, గాలి పీల్చలేదు. మేము ముందు జాలీ ఉన్నది, రెండు ఫ్యాన్లు లోపలికి గాలి తెచ్చేది, ఒకటి వెనుక నుండి బయటకు పంపేది తీసుకొన్నాము. జాలీ వెనుక తీసి కడుగుకొనే వడపోత ఉండాలి. ఉదయం తుడిచిన కిటికీ గుమ్మం మీద సాయంత్రానికి పేరుకొనే దానిని ఎరిగిన వారికి ఈ వడపోత అవసరం చెప్పనక్కరలేదు. పదిహేను రోజులకొకసారి దులపాలి.

వేసవిలో మనమందరం నమ్ముకొన్న కూలర్ ఒకటి ఉన్నదే, దానికి ఎదురుగా కంప్యూటరు పెట్టరాదు. గాలి చల్లగానే ఉంటుంది గాని తేమతో ఉంటుంది. తేమకు ధూళి తోడైతే బోర్డు మీద పూత పడుతుంది. నేల మీద కాక జానెడు ఎత్తున, గోడకు కొంచెం ఎడంగా పెట్టాలి. దీపాల విషయంలో మా అమ్మాయే, "నాన్నా, దీపాలు వద్దు. ఆ డబ్బు ఎస్.ఎం.పి.ఎస్.లో వేయండి" అన్నది.

బిల్లులో ఎనిమిది పంక్తులు

2023 దసరా నాటి మా లెక్క, సుమారుగా: ప్రాసెసరు తొమ్మిది వేలు, హెచ్610 మదర్‌బోర్డు ఏడు వేలు, మెమొరీ మూడున్నర వేలు, గ్రాఫిక్స్ కార్డు ఇరవై ఒక్క వేలు, అయిదు వందల గిగాబైట్ల ఎస్.ఎస్.డి. మూడు వేలు, ఎస్.ఎం.పి.ఎస్. నాలుగు వేలు, క్యాబినెట్ మూడు వేలు, 24 అంగుళాల తెర తొమ్మిదిన్నర వేలు. వెరసి అరవై వేలు. కీబోర్డు, మౌస్ ఇంట్లో ఉన్నవే. ఈ ధరలతో నేడు అంగడికి వెళ్ళరాదు. 2025 చివరి నెలల నుండి కృత్రిమ మేధ కేంద్రాలు మెమొరీని ఎగబడి కొనడంతో దాని ధర విపరీతంగా పెరిగింది. ఆ రోజులలో చిన్న పంక్తిగా ఉన్నది నేడు పెద్ద పంక్తి. అయినా మూడవ వంతుకు పైగా గ్రాఫిక్స్ కార్డుకు, పదిహేనవ వంతుకు తగ్గకుండా ఎస్.ఎం.పి.ఎస్.కు అన్న దామాషా నిలుస్తుంది. తప్పు కూడా ఒకటి చేశాము. ఎస్.ఎస్.డి.లో అయిదు వందలు చాలవు. ఒక్కొక్క పెద్ద ఆట వంద గిగాబైట్లు మింగుతుంది. నాలుగు ఆటలకే నిండిపోయింది.

ఎక్కడ కొనాలి? సివిక్ సెంటరు, సుపేలా అంగళ్ళు దగ్గర, రాయపూర్ పెద్దది. సెలవులకు ఆంధ్ర, తెలంగాణ వైపు వెళ్ళేవారు సికింద్రాబాదులో పార్క్‌లేన్ దగ్గరి సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, వెళ్ళి ధరలు బేరీజు వేసుకోవచ్చును. 2024 సెప్టెంబరు నుండి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ కూడా నడుస్తున్నది. అయితే తెర, క్యాబినెట్ వంటివి రైలులో మోయడం కంటె ఊళ్ళోనే కొనడం మేలు. చెడితే తిరిగి ఇవ్వడానికి దూరం పోనక్కరలేదు. మేము ఊళ్ళోనే కొన్నాము. అబ్బాయి కౌంటరు ముందు నిలబడి, పంక్తికొక భాగం చొప్పున ఎనిమిది పంక్తులు, ప్రతి దాని ఎదుట క్రమసంఖ్య వ్రాయించి, పెట్టెల మీద ఉన్న సంఖ్యలతో సరిచూసుకొన్నాడు. మన స్టోర్సులో సరుకు దించుకొనే పద్ధతే అది. దుకాణదారు విసుగుపడలేదు. "పిల్లవాడికి తెలుసు" అని హిందీలో మాతో అని, తానే ఒక తెరను పెట్టి విప్పి వెలిగించి చూపాడు.

పెట్టెలు తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంచుకోవాలి. మొదటి వారంలోనే కార్డును జీపీయూ-జడ్‌తో పరీక్షించాలి. వేలొరెంట్ ఆడే పిల్లలున్నవారు బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు అమరికలు తెరిచి ఉంచాలి. విండోస్ 11లో అవి లేనిదే ఆ ఆట నడవదు. తల్లిదండ్రులకు మరొక విషయం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు కూడా ఇచ్చారు. పిల్లలు ఆడేది వీటిలో ఏదో అడిగి తెలుసుకోవాలి. గంటల విషయంలో మా ఇంట ఒప్పందం: భోజనానికి పిలిస్తే ఆట మధ్యలోనైనా లేవాలి. ఇది వారానికి ఆరు రోజులు అమలవుతున్నది.

దసరా మరునాటి రాత్రి హాలులో దుప్పటి పరచి అన్నాచెల్లెళ్ళు యంత్రాన్ని కూర్చారు. మేము స్క్రూలు అందించే పనికి నియమితులమయ్యాము. పదకొండు గంటలకు బటను నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. అబ్బాయి ముఖంలో 2019 నాటి ఛాయ కనిపించింది. మెమొరీ తీసి మళ్ళీ పెట్టాడు. కార్డు తీసి మళ్ళీ బిగించాడు. తెర నల్లగానే ఉంది. మాకు గొంతు తడారిపోయింది. అప్పుడు అమ్మాయి వెనుక వైపు వంగి చూసి, "అన్నయ్యా, వైరు బోర్డుకు పెట్టావు, కార్డుకు కాదు" అన్నది. 'ఎఫ్' అక్షరపు ప్రాసెసరు. బోర్డు సాకెట్టులో బొమ్మ ఎక్కడ నుండి వస్తుంది? వైరు మార్చగానే తెర వెలిగింది.

ఆ రాత్రి మొదటి ఆట అన్నదే. నాలుగేళ్ళు ఆడనివాడు కదా అని చెల్లెలే ఇచ్చింది. ఎవరు గెలిచారో మాకు తెలియదు. మరునాడు ఫస్ట్ షిఫ్టు ఉన్నందున మేము పడుకొన్నాము.